పప్పు ఉడకని నీళ్లు

ఈ ఉదయం మా నూతి నీళ్లలో కందిపప్పు మళ్లీ ఉడకలేదు. అనుమానం తీరక అదే పప్పును కొన్న నీళ్లలో విడిగా పెట్టి చూశాను. వెన్నలా ఉడికింది.

మన చిన్నప్పుడు వీధంతా పప్పుకి మా నూతి నీళ్లే పట్టుకెళ్లేది, గుర్తుందా? తడి బిందెల చప్పుడు, కొబ్బరి డొక్కల పొగ, గరిటె తగిలితే చాలు మెదిగిపోయే మామ్మ పప్పు. "నూతిలో వంటసోడా కలిపేరేంటండీ మామ్మగారూ?" అని ఏడిపించేవారు.

ఇప్పుడు పెరటి గట్టు అవతలే రొయ్యల చెరువు. దాని ఆసామి ఇందాక మా వీధిలో కనిపిస్తే, మా నూతిలోకి ఉప్పు దిగుతోందేమోనని అడిగేశాను.

"మా చెరువు వల్ల కాదండీ. మీవి కొబ్బరినీళ్లేనండి, ఆయ్!" అని నవ్వాడు.

అప్పటికప్పుడు గ్లాసుడు తోడి ఇచ్చాను.

"ఇప్పుడే తాగొచ్చేనండీ" అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.