చెరుకు బండి వెనక ఆత్మారాం

పెళ్లయితే మగవాడికి బాధ్యత దానంతటదే తెలుస్తుందని బోధన్‌లో అందరూ అనేవారు. అన్నవారిలో బాధ్యత తెలిసిన మొగుళ్లు ఎందరన్నది ఎవరూ అడిగేవారు కారు. భూమవ్వ ఆ మాటే నమ్మి కొడుకు ఆత్మారాంకు సంబంధాలు వెతికింది. పొలం పాలేరు చూసేవాడు, అన్నం తల్లి కలిపి పెట్టేది. ముప్పై నాలుగేళ్ల ఆత్మారాం మీసం మాత్రం స్వయంగా దువ్వుకునేవాడు.

అతనికున్న ఏకైక స్నేహితురాలు సాలేహా. పక్కింట్లో గిన్నెలకు కళాయి వేసే లతీఫ్ కూతురు, ఎనిమిదేళ్లది. గోళీలాటలో ఆత్మారాం తొండి చేసేవాడు, పట్టుబడితే అలిగేవాడు; ఆమే వచ్చి బతిమాలేది. ఆ స్నేహంలో పెద్దరికం అలా ఆమె వంతైంది.

1964 చలికాలంలో చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు బారులు తీరి పోతున్నాయి. కదిలే బండి వెనక వేలాడి గడ లాగడం ఆ ఊరి పిల్లలకు ఆట. ఆత్మారాంకు చెరుకు కావాలి, పరుగు వద్దు.

"నువ్వు బక్కగున్నవు, ఉర్కి గుంజు. నేను ఈడ్నే సూస్తుంట," అన్నాడు సాలేహాతో.

బండివాడి చెర్నకోల ఆమె మోచేతిని చీరింది. చూస్తుంటానన్న మనిషి గోడ చాటు నుంచి నిజంగానే చూశాడు. తర్వాత దొడ్డిదారిన ఇల్లు చేరి, ఇస్త్రీ అంగీ తొడుక్కుని అరుగుపై ఒద్దికగా కూర్చున్నాడు. కూతురి సంబంధం మాట్లాడడానికి నవీపేట్ నుంచి లక్ష్మీరాజం వచ్చి ఉన్నాడు.

అంతలో బండివాడు సాలేహాను రెక్క పట్టి తెచ్చి లతీఫ్ ముందు నిలబెట్టాడు.

"దొంగతనం ఎవ్వరు నేర్పిండ్రు నీకు?" లతీఫ్ కూతురిని గద్దించాడు.

సాలేహా అరుగు వైపు చూసి తల దించుకుంది. "ఎవ్వరు లేరు అబ్బాజాన్. నేనే."

"రేపటి సంది బడి బందు. ఇంట్లనే పడుండు!"

లక్ష్మీరాజం నవ్వాడు. "గిసొంటోల్ల పక్కన ఉండి గూడ మీ పిలగాడు బుద్ధిమంతుడైండు, భూమవ్వా."

ఆత్మారాం జీవితంలో దక్కిన మొదటి మెప్పు అది. నిలుపుకోవడానికి నోరు మూసుకుంటే చాలు. ఆ విద్య అతనికి బాగా వచ్చు. అయినా లేచాడు.

"లతీఫన్నా, నేనే పంపిన. దెబ్బ వడ్డప్పుడు గోడెనక దాక్కున్న. పిల్ల బడి బందు వెట్టకు."

"నీకెందుకు కొడుకా!" భూమవ్వ తల పట్టుకుంది. లక్ష్మీరాజం చెప్పులు వెతుక్కున్నాడు.

సాలేహా కళ్లు తుడుచుకుంది. "గట్లయితే గోళీలల్ల తొండి గూడ ఒప్పుకో."

దీన్ని ధైర్యమంటే ధైర్యం చిన్నబోతుంది. సాలేహా బడి మానలేదు. ఆ సంబంధం తప్పిపోయింది. ఆత్మారాం తల్లిని మరొకటి వెతకనివ్వలేదు. మరుసటి ఏటి నుంచి తన చెరుకు బండి తానే తోలాడు. చెర్నకోల పట్టడు గనుక ఆ బండి ఎప్పుడూ అందరికంటే వెనక పోయేది. దాని వెనక పిల్లలు వేలాడేవారు. ఇంటికొచ్చి అన్నం తానే కలుపుకుని తినేవాడు. పెళ్లి చేసుకోలేదు.