ఆటకు ముందే రాసిన గోల్

"సచ్చినోడు గోలెట్ల కొడతాడప్పా?"

మూడేళ్ళ కిందట, 1946లో, కుప్పం నుంచి వచ్చిన సుభద్రమ్మ మదనపల్లె బజారులో సైకిల్ అంగడి నడిపే ఇమాముద్దీన్‌ను అడిగిన మాట ఇది. ఆమె చేతిలో ఒక మద్రాసు వారపత్రిక ఉంది. పుంగనూరులో జరిగిన ఫుట్‌బాల్ ఆటలో మదనపల్లె కాలేజీ జట్టు గెలిచిందనీ, పడిన ఒక్క గోల్ ఆమె కొడుకు లక్ష్మీపతిదేననీ అందులో అచ్చయింది. ఆట సాయంత్రం జరిగింది. లక్ష్మీపతి ఆ మధ్యాహ్నమే కుప్పంలో, ఇంట్లో, టైఫాయిడ్‌తో పోయాడు.

ఆ పత్రికకు కాలేజీ ఆటలు, నాటకాల సంగతులు రాసేది ఇమాముద్దీనే. విలేఖరులంటే సత్యహరిశ్చంద్రులని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈయన పద్ధతి తెలుసుకోవాలి. టపా సంచీ మధ్యాహ్నం బస్సుకే పోతుంది, ఆటలేమో సాయంత్రం. అందుకని రిపోర్టు ముందే రాసి పంపేసి, ఎవరు ఎంతకు గెలిచారో తర్వాత తంతి ఇచ్చేవాడు. నాటకాలకూ అంతే. తెర లేవకముందే చప్పట్లు మద్రాసు దారి పట్టేవి. గోల్ కొట్టేది ఎప్పుడూ లక్ష్మీపతే గనక ఈసారీ అతని పేరే రాశాడు. జట్టును పుంగనూరు తీసుకెళ్ళిన బస్సు డ్రైవర్ తిరిగొచ్చి ఒకటి-సున్నా, మనోళ్ళే అన్నాడు. అదే తంతి వెళ్ళింది.

ఇదంతా ఇమాముద్దీన్ ఆమె ముందు ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. సుభద్రమ్మ కదల్లేదు. మరి ఎవరు కొట్టినట్టో కనుక్కోమంది.

"మావోని పేరు ఊరికే వాడుకోనుంటే తీసేయించు. నిజమైతే ఉండనీ."

పోయినవాడి పేరు అచ్చయిన సంగతి మద్రాసు దాకా పాకి, సంపాదకుడి నుంచీ ఉత్తరం వచ్చింది: సవరణ పంపితేనే లెక్క చెల్లిస్తాం.

ఇమాముద్దీన్ జట్టంతటినీ అడిగాడు. లక్ష్మీపతి వస్తాడేమోనని చివరిదాకా చూసి, అతని చోటు ఖాళీగా వదిలి పదిమందే ఆడారు. ఆ పదిమందిలో ఒక్కడూ గోల్ తనదనలేదు. దుమ్ము లేచిందట, కళ్ళు తుడుచుకుని చూస్తే బంతి లోపలుందట. గోల్ నాది కాదని తప్పుకునే కాలేజీ కుర్రాళ్ళను నేనెక్కడా చూడలేదు.

పుంగనూరు గోల్‌కీపర్ మస్తాన్ రొట్టెల అంగడిలో పని చేస్తాడు. చదువు రాదు. లక్ష్మీపతి పేరు కూడా వినలేదు.

"పొడుగాటోడు భాయ్. ఎడంకాల్తో కొట్టినాడు. చేతికి పసుపుగుడ్డ కట్టుకోనుండాడు. ఆట అయినాక బస్సు కాడ సూస్తే లేడు."

జ్వరాల కాలంలో మన జిల్లాలో పసుపుగుడ్డ కట్టని చెయ్యి ఎక్కడుందని నేను ఇమాముద్దీన్‌తో వాదించాను. తనకూ అదే తోచి పదిమందినీ అడిగానన్నాడు. ఆ రోజు ఎవరి చేతికీ లేదట.

కుప్పం వెళ్ళి సుభద్రమ్మకు మస్తాన్ మాటలన్నీ చెప్పాడు. ఎడంకాలు అన్నప్పుడు ఆమె తలూపింది. పసుపుగుడ్డ అన్నప్పుడు గోడ పట్టుకుని కూర్చుంది. జ్వరం దిగాలని గంగమ్మకు మొక్కి కొడుకు చేతికి ముడుపు కట్టింది తనే.

"శవానికి నీళ్ళు పోసేటప్పుడు చేతికి లేదప్పా. యాడ పడిందోనని మంచం కిందంతా ఎతికినా."

తర్వాత ఆమె అంది, "పేరు తియ్యద్దు."

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. ఇమాముద్దీన్ మాత్రం ఆ తర్వాత చూడని ఆట గురించి ఒక్క ముక్క రాయలేదు. సవరణా పంపలేదు. ఆ రిపోర్టుకు, తంతికి కలిపి రూపాయి తొమ్మిదణాలు పత్రిక ఆయనకు ఇంకా బాకీ.