అమ్మమ్మ చేటలో మట్టి లడ్డూలు

నా చిన్నప్పుడు మా ఇంటి పునాది ఎక్కడ పడాలో రెండు మట్టి లడ్డూలు తేల్చాయంటే మా మనవలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ లడ్డూల్లో ఒకటి నేను చుట్టిందే. దాంతో నేను చేసిన దొంగపని కూడా నాకింకా గుర్తుంది.

మా నాన్నగారు బడిపంతులు. బాపులపాడులో మేముండే అద్దింటి గోడలు ఏటా బీటలు వారేవి. ఆ బీటల్లోంచి వచ్చిన తేలు ఒకసారి మా అమ్మని కుట్టింది. అప్పటినుంచి అమ్మకి ఒకటే కోరిక, బీటల్లేని గోడల మధ్య కంటినిండా నిద్రపోవాలని. అందుకే నాన్నగారు రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటల అంచున కాస్త స్థలం కొన్నారు. అదంతా వాలు. పైభాగం ఎర్రమట్టి, గులకరాళ్ళు. కిందిభాగం రోడ్డుని ఆనుకుని బల్లపరుపుగా, చూడముచ్చటగా ఉండేది. నాన్నగారు కిందే కడదామన్నారు. పైన కడితే చదును చెయ్యాలి, మెట్లు కట్టాలి, బోలెడు చాకిరీ అని ఆయన ఆలోచన. నా ఆలోచన వేరు. కింద కడితే రోడ్డువైపు కిటికీ నాకిస్తానని ఆయన మాటిచ్చారు. సీజన్లో కాయల లారీలు వరసగా పోతుంటే ఆ కిటికీలో కూర్చుని చూడాలని నాకెంత ఆశో చెప్పలేను.

ఆ వేసవిలో మా అమ్మమ్మ మా దగ్గరే ఉంది. వాళ్ళ ఊళ్ళో సగం ఇళ్ళకి మట్టిపొయ్యిలు వేసిన చెయ్యి ఆవిడది. స్థలం చూసొచ్చాక, “పైపైన మట్టి చూసి నేను పొయ్యి కూడా వెయ్యనే. ఇల్లెలా కడతారో,” అని మా దగ్గర గొణిగింది. అల్లుడికి మాత్రం ఎదురు చెప్పలేదు. ఆయన వస్తే చాలు, కొంగు సర్దుకుని తలుపు చాటుకి వెళ్ళిపోయేది. ఆ రోజుల్లో అత్తగార్లు అంతే.

మర్నాడు అక్కనీ నన్నూ వెంటబెట్టుకుని గునపం పట్టుకుని బయల్దేరింది. పైన ఒక గొయ్యి, కింద ఒక గొయ్యి, మోకాలి లోతున తవ్వించింది. పైన ఎంత తవ్వినా ఎర్రమట్టే. కింద మాత్రం జానెడు లోతు దాటగానే నల్లగా, జిగటగా తేలింది. పైనుంచి వానలకి జారిన ఎర్రమట్టి దాన్ని ఇన్నాళ్ళూ కప్పి ఉంచిందన్నమాట. నాన్నగారికి చెబితే, నల్లమట్టి సారమున్న మట్టి, మరీ మంచిదని అనేశారు. పాపం, ఆయనకి పుస్తకాలు తప్ప మట్టి తెలియదు.

అప్పుడు అమ్మమ్మ మా ఇద్దరికీ పందెం పెట్టింది. పైమట్టితో అక్కా, కిందిమట్టితో నేనూ లడ్డూ చుట్టాలి. మూడు రోజులు చేటలో ఎండబెట్టాలి. ఎవరిది బీట వారకుండా ఎండితే వాళ్ళకి గడ్డిలో ముగ్గుతున్న రసాల్లో మొదటి పండు. అక్క లడ్డూ గరుగ్గా, రాళ్ళు తేలి, కోతి చుట్టినట్టుంది. నాది నున్నగా నిగనిగలాడింది. పండు నాదే అనుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం చూద్దును కదా, నా లడ్డూ మీద వెంట్రుకంత గీత. ఎవరూ చూడకుండా చూపుడు వేలు నీళ్ళలో ముంచి గీత మీద రాశాను. మాయమైపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాశాను. మూడో రోజంతా నాకదే పని.

సాయంత్రం అమ్మమ్మ అక్కచేత చేట నాన్నగారి ముందు పెట్టించింది. ఆయన నా లడ్డూ చూసి, “కిందిదే బాగుందిగా అత్తయ్యగారూ,” అన్నారు. నేను పండు వైపు చూస్తున్నాను. అంతలో అమ్మమ్మ తలుపు చాటునుంచి బయటికొచ్చింది. నా చూపుడు వేలు పట్టుకుని, గోటి సందులో ఇరుక్కున్న నల్లమట్టి చూసింది.

“మూడు రోజుల ఎండకి నీ లడ్డూకి ఒక్కదానికే చెమట పట్టిందేంటే? సర్లే, పండు నీదే. కానీ ఆ ఇల్లు కట్టాక రోజూ గోడలకి తడివేలు రాస్తూ నువ్వే కూర్చోవాలి. మళ్ళీ మీ అమ్మని తేలు కుట్టకుండా.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా కిటికీ కోసం, ఒక పండు కోసం అమ్మని మళ్ళీ ఆ బీటల మధ్యకి తోసేదాన్నే అని భయమేసింది. అంతా చెప్పేశాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు ఎవరూ ముట్టుకోకుండా ఎండబెడితే మధ్యాహ్నానికి నా లడ్డూ నోరు తెరిచింది. నాన్నగారు పేపర్లు దిద్దే ఎర్ర పెన్సిల్ ఆ బీటలో పెడితే ములుకు మొత్తం లోపలికి పోయింది. ఆయన పగలబడి నవ్వారు.

“నేనే ఫెయిలయ్యాను అత్తయ్యగారూ. ముందే చెప్పొచ్చుగా?”

“నేనేం చెప్పానండీ, మట్టే చెప్పింది,” అంటూ ఆవిడ మళ్ళీ తలుపు చాటుకి వెళ్ళిపోయింది.

పండు గెలిచిన అక్క నాకూ పెట్టింది. వంతులేసుకుని జుర్రుకుంటే రసం మోచేతుల దాకా కారింది. ఇల్లు పైనే కట్టారు. మెట్లెక్కలేక అందరం రొప్పేవాళ్ళం. కానీ నా కిటికీ నాకొచ్చింది. అంత ఎత్తునుంచి చూస్తే లారీలు మలుపు తిరగడం నుంచి తోటల వెనక మాయమయ్యే దాకా కనిపించేవి. ఆ ఇంట్లో అమ్మ నిద్రపోతుంటే చూడ్డం నాకు భలే ఇష్టంగా ఉండేది.

మొన్న మా మనవరాలు మైలవరం రోడ్డులో స్థలం కొని సాయిల్ టెస్ట్ చేయించింది. మిషను పెట్టి లోతుకంటా తోడి, మట్టిని కవర్లలో కట్టారు. నేను గుప్పెడు తీసి చుడుతుంటే, “ఏం చేస్తున్నారు మామ్మగారూ?” అన్నాడు ఇంజనీరు. లడ్డూ అన్నాను. మా మనవరాలు సిగ్గుతో తల పట్టుకుంది. ఆ లడ్డూ ఇప్పుడు మా బాల్కనీలో ఎండుతోంది. రిపోర్టు ఇంకా రాలేదు.

జీవితంలో నాకు పూసి దాచాలనిపించిన బీటలు చాలానే వచ్చాయి. అలా అనిపించినప్పుడల్లా అమ్మమ్మ పట్టుకున్న ఆ చూపుడు వేలు ఒకసారి చూసుకుంటాను. తడిగా ఉంటే కొంగుకి తుడిచేసుకుంటాను.