పద్నాలుగో పేరా

మా ఇంటి వెనక పెరట్లో కట్టిన చిన్న వాటాలో, ఇక్కడి మాటలో గ్రానీ ఫ్లాట్‌లో, అద్దెకుంటున్న టర్కీ పెద్దాయనను నేను జడ్జిగారనే పిలిచేదాన్ని. పిలిచినప్పుడల్లా, తాను చివరగా చేసింది ప్రాసిక్యూటర్ ఉద్యోగమని సరిదిద్దేవారు. వాళ్ల దేశంలో జడ్జీలూ ప్రాసిక్యూటర్లూ ఒకే శాఖట. పెద్ద కోర్టులో ఏళ్ల తరబడి తీర్పులిచ్చిన మనిషిని ఒక్క ఉత్తర్వుతో ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌ని చేశారు. పైవాళ్లు చెప్పిన కేసొకటి నడపనన్నందుకు ఆ ఉద్యోగమూ ఊడింది. ఈ దేశం వచ్చి శరణు కోరితే ఇమిగ్రేషన్ డిపార్ట్‌మెంటు కాదంది. మిగిలింది అప్పీలు వినే ట్రైబ్యునల్. అక్కడా కాదంటే వెనక్కి వెళ్లి జైల్లో కూర్చోవడమే.

ఆయన వాంగ్మూలం టైపు చేసే పని నా నెత్తిన పడింది. పడడమేమిటి, నేనే ఎగేసుకుంటూ వెళ్లాను. "ఇక్కడ ఉండిపోవడానికి మన పీఆరే ఇంకా ప్రాసెసింగ్‌లో ఉంది. ఆయన లీగల్ మేటర్స్‌లో నువ్వెందుకు ఇన్వాల్వ్ అవడం?" అని మా ఆయన గొణిగారు. టైపింగేగా అన్నాను.

టూంగాబీలో మా డైనింగ్ టేబుల్ దగ్గర ఆయన చెప్పడం, నేను కొట్టడం. పదమూడు పేరాలు సాఫీగా సాగాయి. పద్నాలుగోది వినగానే టైపు చేయడం ఆపేశాను. ఉద్యోగం పోయాక ఎనిమిది నెలలు తన జోలికి ఎవరూ రాలేదనీ, పాస్‌పోర్టు అడగ్గానే ఇచ్చారనీ రాయమన్నారు. ఇది చూస్తే మీకు ప్రమాదమే లేదంటారు, మీ గొయ్యి మీరే తవ్వుకుంటారా అని మొత్తుకున్నాను.

ఆయన విసుక్కోలేదు. వాళ్ల దగ్గర ప్రాసిక్యూటర్ అన్నవాడు నిందితుడికి వ్యతిరేకంగా దొరికినదే కాదు, అనుకూలంగా ఉన్నదీ తనే సేకరించి రాయాలట, చట్టమే అదట.

"ఈ కేసులో నిందితుడు మా ప్రభుత్వం," అన్నారు ముక్కల ఇంగ్లీషులో. "దానికి అనుకూలమైనదీ నేనే రాయాలి."

ఇదెక్కడి చాదస్తంరా దేవుడా అనుకున్నాను. ఆయన వెళ్లాక ఆ పేరా తీసేశాను. మర్నాడు ప్రింటు చేతికిస్తే, నన్ను నమ్మి, చదవకుండానే సంతకం పెట్టారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

హియరింగ్‌కి తోడు వెళ్లాను. విచారణ చేసి నిర్ణయం చెప్పే ట్రైబ్యునల్ మెంబరు ఒకావిడ. ఉద్యోగం పోయిన తేదీకీ దేశం వదిలిన తేదీకీ మధ్య ఏం జరిగిందని ఇంటర్‌ప్రెటర్ ద్వారా అడిగింది. పద్నాలుగో పేరాలో అంతా రాశానని ఆయన నిబ్బరంగా చెప్పారు. ఆవిడ కాగితాలు తిరగేసి, ఇందులో పదమూడే ఉన్నాయంది. ఆ ఎనిమిది నెలలు ఎందుకు దాచారని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. కోపంగా కాదు, ఏమీ అర్థంకానట్టు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో ముందు గుర్తొచ్చింది మా పీఆర్. నేనే తీసేశానంటే మా ఫైలుకు ఏమవుతుందోనని భయమేసి తల దించుకున్నాను.

ఆయన మళ్లీ ఆవిడ వైపు తిరిగారు. సంతకం నాది, బాధ్యతా నాదే అన్నారు.

అప్పుడు లేచాను. "నేనే తీసేశాను. ఆయనకు తెలీదు," అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పాపం, పెద్దాయన కోసం అబద్ధమాడుతోంది అనుకున్నట్టుంది. మర్యాదగానే కూర్చోమంది.

నిర్ణయం ఇంకా రాలేదు. కాదని వస్తే విమానం ఎక్కాల్సింది నేను కాదు.