ఆ ప్యాచ్ మీద ఉన్న నా పేరు

సిరిసిల్ల మగ్గాల మీద దిగే ప్రతి చీర అంచూ నా ప్రోగ్రాంలో పుట్టిందేనని ఎన్ని సభల్లో చెప్పానో. అబద్ధం. నాలుగైదు షాపులవాళ్ళు వాడేవారు, అందులో ఒకాయన నా బావమరిది. గొప్పలు తేలిక, నోట్లోంచి వచ్చి పోతాయి. ఏళ్ళ తరబడి గుండెల మీద బండలా కూర్చున్నది వేరే ఉంది. అది మీకే చెబుతున్నాను. ఓదార్చకండి, ఒళ్ళు మండుతుంది.

చీర అంచు డిజైన్‌ను నేతకు ముందే తెర మీద చూపించే ప్రోగ్రాం అది. రిటైరయ్యాక రాసి, కోడ్ అందరికీ తెరిచి పెట్టాను. ఎవరైనా తప్పు సరిదిద్ది పంపవచ్చు. దాన్ని ప్యాచ్ అంటారు. చూసి కలుపుకోవడం నా పని. కలిపితే దాని పక్కన పంపినవాడి పేరు నిలిచిపోతుంది. ఈ పనిలో దొరికే కూలి అదొక్కటే. నాకు తెలియదా? బాగా తెలుసు.

మగ్గాలు ఆగి జనం పని కోసం మహారాష్ట్రలోని భీవండికి, గల్ఫ్‌కు పోతున్న రోజులవి. గల్ఫ్‌లో కంపెనీ మూతపడి కోరుట్లకు తిరిగొచ్చి, ఇంట్లో కూర్చుని కోడ్ నేర్చుకున్న శ్రీనివాస్ ఒక ప్యాచ్ పంపాడు. పెద్ద డిజైన్ తెరిస్తే నా ప్రోగ్రాం ఆగిపోయేది. మీ కంప్యూటర్లే పాతవని షాపులవాళ్ళను తిట్టేవాణ్ణి. తప్పు నాదేనని అతని ప్యాచ్ అందరి ముందూ చూపించింది.

కోడ్ వరుసల ముందు వదిలే ఖాళీలు సరిగా లేవని రాశాను. సరిచేశాడు. కోడ్‌లో లెక్కలకు పెట్టిన పేర్లు పొడుగన్నాను. కుదించాడు. మరీ పొట్టి అన్నాను. మళ్ళీ మార్చాడు. ప్రతిసారీ 'దయచేసి', 'ధన్యవాదాలు' పెట్టి మరీ రాశాను, మర్యాదకేం తక్కువ లేదు. ఆ నియమాలు మా దగ్గర ఎక్కడా రాసి లేవు. అతను ఒకటి తీర్చగానే నేను ఇంకొకటి పుట్టించేవాణ్ణి. చివరికి ఫోన్ చేశాడు.

"సార్, ఇంకేమన్న ఉంటే ఒక్కసారే చెప్పుండ్రి. గిది కలిస్తే కంప్యూటర్ పని అడుగుతందుకు నా పేరు సూపెట్టుకుంట."

"తొందరేంది తమ్మీ? కోడంటే పద్ధతుండాలె. మగ్గం నడిపినట్టు కాదు."

మగ్గం నడిపినట్టు కాదట. మగ్గాలవాళ్ళ కోసం రాసిన ప్రోగ్రాం గురించి ఆ మాట అన్న నోరు ఇది.

శైలి బాగాలేదని ఆ ప్యాచ్‌ను కలుపుకోకుండానే మూసేశాను. కొన్నాళ్ళకు అదే కోడ్‌ను నా పేరుతో కలిపాను. ఖాళీలు కూడా అతను మొదటిసారి పెట్టినట్టే ఉంచాను. ప్రోగ్రాం ఇక ఆగడం లేదని షాపులవాళ్ళు శాలువా కప్పితే వంగి కప్పించుకున్నాను. అతను మళ్ళీ గల్ఫ్ పోయాడని విన్నాను.

ఎందుకు చేశాను? పద్ధతి కోసమా? థూ. ఇప్పటికీ ఎవడైనా కొత్తవాణ్ణి ఖాళీల పేరు చెప్పి తిప్పిస్తుంటే చూసి పళ్ళు నూరుతాను, నూరుతూ ఉండగానే అది నా మొహమేనని గుర్తొచ్చి ఆ కోపమంతా నా మీదికే తిరుగుతుంది.

రాశాక కొంత ఊపిరి ఆడింది. సెలవు మీద వచ్చిన శ్రీనివాస్‌ను జగిత్యాల బస్టాండులో పట్టుకుని ఇదంతా చదివి వినిపించాను. "నిన్ను గల్ఫ్‌కు తరిమింది నేనే" అని చివర ఒక వాక్యం కూడా ఉండేది. అక్కడ గొంతు వణికింది. కొంచెం కావాలనే వణికించాను.

అతను బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

"మల్ల ఎక్కువ జేస్తున్నవ్ సార్. గది నీకు పంపకముందే విసా అచ్చింది. ఎట్లయినా పోయేటోన్నే. నా పేరుంటే నీడల కూసుండే పని అడుగుదుంటి, లేకపాయె, ఎండల పైపులు మోసిన. గంతే రాయి. ఇంకోటి, గా కోడ్ మీద ఇప్పటికీ నీ పేరే ఉన్నది. గది తియ్యకుంట గిది రాసుడేంది?"