అక్క పేల్చిన కెపాసిటర్

ఇవాళ నరసరావుపేటలో ఫోన్ రిపేరుకిచ్చి కూర్చుంటే సోల్డరింగ్ పొగ వాసన తగిలింది. మీ ఇళ్లలో కూడా చెక్కపెట్టెలో బిగించిన సొంత ఆంప్లిఫయర్ ఉండేదా? పాట పెడితే అలమరలో స్టీలు గిన్నెలు అదిరేవి, గుర్తుందా?

మాది నాన్న, అక్క కలిసి చేశారు. నాన్న సోల్డరింగ్ ఐరన్ అక్క చేతికిచ్చి, నాకు టార్చిలైటు ఇచ్చాడు.

"నువ్వు లైటు కదలకుండా పట్టుకోవే, చాలు."

ఆ "చాలు" నాకింకా మండుతానే ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి డయోడ్లకి, వాటి నుంచి పెద్ద కెపాసిటర్‌కి అక్క వైర్లు అతికించింది. కెపాసిటర్ మైనస్ కాలు ప్లస్ వైపు పెట్టింది. నేను చూశా. చెప్తే సరిచేసుకుంటది కదా అని నోరు మెదపలేదు.

అమ్మ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌కి కుంకుమబొట్టు పెట్టింది. నాన్న స్విచ్ వేశాడు. కాసేపటికి కెపాసిటర్ టప్‌మని పేలి, దాని లోపలి కాగితం పేలికలు అక్క నెత్తిన పడ్డాయి. ఇక తిట్లేనని చూస్తన్నా. నాన్న అక్క జుట్టు దులుపుతా నవ్వాడు.

"నాది కూడా మొదటిది పేలిందిలే. ఒకటి పేల్చినోళ్లకే ఈ పని వస్తది."

తర్వాత నేను ఇంజనీరింగ్ చేశా. నాలుగేళ్లు ల్యాబ్‌లో ఒక్క కెపాసిటర్ కూడా పేల్చలేదని నాన్నకి గొప్పగా చెప్పా.

"మంచిదమ్మా" అన్నాడంతే.