పసుపు నూలు మీద ఎర్రని వేళ్లు

ఆర్మూర్‌లో పసుపు అనగానే అందరికీ ధర గుర్తొస్తుంది. వెంకవ్వకు మాత్రం రంగు గుర్తొస్తుంది. విరిస్తే లోపల ముదురు రంగున్న కొమ్ములు మార్కెట్ యార్డులో ఏరుకొచ్చి, రోట్లో దంచి, ఆ పసుపునీళ్లలో నూలు ఉడికిస్తుంది. హైదరాబాద్‌లో స్వర్ణలత అనే ఆవిడ పాతకాలపు కుట్టుపనులకు నకళ్లు కుట్టిస్తుంది: ఎప్పుడో దొరల గడీల్లో వేలాడిన తెరలు, దొరసానుల రవికెలు. వాటికి దుకాణపు దారం పనికిరాదు. ఆ రోజుల్లో ఎట్లా అద్దారో అట్లాగే అద్దిన నూలు కావాలి. ఆ నూలు పంపేది వెంకవ్వే.

చూసేవాళ్లకు ఇదేం పని అనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది. నూలును కుంకుడు నురగలో ఉడికించాలి, కరక్కాయ నీళ్లలో నానబెట్టాలి, పటిక పట్టించాలి, ఆ తరువాతే పసుపులో దించాలి. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది కాబట్టి నూలు చిలపలన్నీ వెనకగదిలో నీడకే ఆరాలి. అన్నిటికన్నా పెద్ద శత్రువు సున్నం. అది తగిలితే పసుపు ఎర్రబారుతుందని పారాణి కలిపే ఏ ఇల్లాలికైనా తెలుసు. అందుకే తాంబూలం వేసుకున్నవాళ్లను, చుట్టమైనా సరే, వెంకవ్వ ఆ గదిలోకి రానివ్వదు. మరి ఆ గది గోడలకు సున్నమే కదా అంటారా? ఉంది. గోడ తగలకుండా నడిమధ్యన తీగ కట్టుకుంది.

ఆ గోడ సున్నాన్నే ఆమె కూతురు కావేరి గోకి తినేది. అప్పటికి ఏడేళ్ల పిల్ల. తిట్టినా, వేళ్లకు వేపాకు పసరు రాసినా మానలేదు. ఒకరోజు ఆ వేళ్లతోనే చిలపలు నిమిరింది. పసుపు నిండా ఎర్రచారలు. వెంకవ్వ కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"గా చేతులతోని నన్ను ముట్టకు, పో!" అంది.

పిల్ల మొండిది, తల్లి పోలికే. నిజంగానే ముట్టడం మానేసింది. అన్నం కలిపి పెట్టబోతే చేతులు వెనక్కి కట్టుకుని నోరు తెరిచేది. ఆ వారంలోనే జ్వరం వచ్చింది. దవాఖానలో కూడా చేతులు దుప్పటి కిందే దాచుకుంది. తల్లి ఎంత బతిమాలినా బయటికి తీయలేదు. అట్లాగే పోయింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ చేతులు తనను క్షమించలేదన్నదే వెంకవ్వ బాధ.

నిరుడు వానాకాలంలో మొదలైంది. ఆరిన చిలపలు దించబోతే ఒకదాని మీద ఎర్రటి గుర్తులు. నాలుగు చిన్న వేళ్లు, వాటి కింద బొటనవేలు. తలుపుకు వేసిన గొళ్లెం వేసినట్టే ఉంది. వెంకవ్వ గడప దాకా వెనక్కి జరిగింది. కాసేపటికి తేరుకుని నిమ్మకాయ కోసి రుద్దింది. పులుపు తగిలితే ఎరుపు మళ్లీ పసుపవుతుంది. ఒక్కొక్క వేలూ మాయమవుతుంటే పిల్లను రెండోసారి వెళ్లగొట్టినట్టయి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తరువాత నూలు అద్దినప్పుడల్లా అదే. రానురాను భయం పోయి ఎదురుచూపు మొదలైంది. గుర్తులు పడిన చిలపలను నిమ్మకాయ తగలనీయకుండా పెట్టెలో దాచుకునేది. నూలు తక్కువ పడుతోందని స్వర్ణలత ఫోన్ మీద ఫోన్. చివరికి సంగతి మొగుడు భోజన్న దాకా వెళ్లింది. ఆయన దెయ్యం ఎదురైనా ఆధార్ కార్డు అడిగే రకం.

"పాత సున్నం రాలుతుంది. గాలికి నూలుకు అంటుతుంది. గంతే" అన్నాడు.

"రాలితే చుక్కలు వడ్తయ్. వేళ్లు వడ్తయా?"

"నీకు వేళ్లు గనబడ్తున్నయ్, నాకు మరకలు గనబడ్తున్నయ్."

"ఏమన్న గానీ. గోడ జోలికి మాత్రం పోకు."

"గోడను వట్టుకొని ఎన్ని దినాలు ఏడుస్తవే? పోయిన పిల్ల పోయింది" అని తువ్వాలతో మొహం తుడుచుకుని బయటికి పోయాడు.

వెంకవ్వ భీమ్‌గల్‌లో పెళ్లికి పోయివచ్చేసరికి భోజన్న గోడలన్నీ గీకించి ఆయిల్ పెయింట్ వేయించాడు. ఇంట్లో చిటికెడు సున్నం లేదు. ఆమె పోట్లాడలేదు, మాట్లాడడం మానేసింది. తరువాత అద్దిన నూలు మచ్చ లేకుండా ఆరింది. ఆ తరువాతదీ అంతే. స్వర్ణలత మెచ్చుకుంది. అమ్మ ఈసారి గోడ సున్నం కూడా లేకుండా చేసిందని పిల్ల అనుకుని ఉంటుంది, ఇక రాదు, అని వెంకవ్వకు గుండె చెరువైంది.

ఒక శుక్రవారం తలస్నానం చేసి, కాళ్లకు పసుపు రాసుకుని, మధ్యాహ్నం వెనకగదిలో మంచం వాల్చుకుంది. లోపల గడియ పెట్టింది. బయట ఎండ పెళపెళలాడుతోంది. నిద్రలో కాళ్ల దగ్గర ఏదో బరువు, చల్లగా. పిల్లి అనుకుని కదలకుండా పడుకుంది.

లేచి చూస్తే గడియ అట్లాగే ఉంది. చిలపలు పచ్చగా, మచ్చ లేకుండా ఉన్నాయి. కిందికి చూసుకుంది. కుడిచీలమండ చుట్టూ నాలుగు ఎర్రటి వేళ్లు, మడమ పైన బొటనవేలు. ఎడమకాలికీ అంతే. గట్టిగా పట్టుకున్న గుర్తులు.

ఆమె కేకకు భోజన్న పరుగున వచ్చి తలుపు బాదాడు. వెంకవ్వ మడమల మీద ఒత్తిడి పడకుండా మునివేళ్ల మీద నడిచి గడియ తీసింది. ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తన చూపుడువేలు ఆ గుర్తు పక్కన ఆనించబోయి, భయపడి వెనక్కి తీసుకున్నాడు.

"వేళ్లేనే" అన్నాడు.

"ముట్టింది" అంది వెంకవ్వ. "నా బిడ్డ నన్ను ముట్టింది."

కాళ్లు తడుస్తాయని ఆ పూట ఆమె మంచం దిగి నీళ్ల దగ్గరికి పోలేదు. భోజన్నే అన్నం వండి తెచ్చిపెట్టాడు.